తెలుగుకి తెలివితేటల సర్టిఫికెట్ అక్కర్లేదు

ఏడాదికి రెండుసార్లు మన స్టేటస్‌లన్నీ తెలుగులోకి మారిపోతాయి. ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతి రోజు జరుపుకునే తెలుగు భాషా దినోత్సవం. ఆ రెండు రోజుల్లో తప్పకుండా తిరిగే ఫార్వర్డ్ ఒకటుంది. రెండు భాషలు వచ్చినవాళ్ళ మెదడు చురుగ్గా ఉంటుంది, ఐక్యూ పెరుగుతుంది, ముసలితనంలో మతిమరుపు రాదు, కాబట్టి తెలుగు నేర్చుకోండి అని.

నాకు ఆ ఫార్వర్డ్‌తో పేచీ ఉంది. తెలుగు నేర్చుకోమన్నందుకు కాదు, దానికి చెప్పే కారణం గురించి. ఆ కారణం అందులో చెప్పినంత గట్టిది కాదు. పైగా దాన్నే పట్టుకుని కూర్చుంటే మన క్లాసుల్లో కళ్ళ ముందు జరుగుతున్నది కనపడదు. రెండో భాష మనిషికి ఎలా వస్తుంది, అది వస్తుంటే మొదటి భాష ఏమవుతుంది అనేది మనకి నిజంగా కావాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం.

ముందు ఆ కారణం సంగతి చూద్దాం. వందేళ్ళ క్రితం పరిశోధకులు చెప్పింది దీనికి సరిగ్గా తిరగేసిన మాట. 1923లో డి.జె. సేర్ అనే ఆయన వేల్స్‌లో బడిపిల్లల్ని పరీక్షించాడు. వెల్ష్, ఇంగ్లీష్ రెండూ మాట్లాడే పల్లెటూరి పిల్లలు, ఒక్క భాషే మాట్లాడే పిల్లలకంటే తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారని రాశాడు. పట్నం పిల్లల్లో మాత్రం ఆ తేడా లేదు. ఇప్పుడు చదివితే ఎవరికైనా అనుమానం వస్తుంది: తేడా భాషదా, పల్లెదా అని. కానీ ఆ రోజుల్లో ఇలాంటి ఫలితాలు చూసి, రెండు భాషలు పిల్లల బుర్రని గందరగోళం చేస్తాయని చాలామంది నమ్మారు.

1962లో కథ తిరగబడింది. కెనడాలోని మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే ఇద్దరు పదేళ్ళ పిల్లల్ని పరీక్షించారు. ఈసారి ఇంటి ఆర్థిక పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఫ్రెంచ్, ఇంగ్లీష్ రెండూ బాగా వచ్చిన పిల్లలే ముందున్నారు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. రెండు భాషల్లోనూ గట్టిగా ఉన్న పిల్లల్నే వాళ్ళు ఆ గుంపులోకి ఎంచుకున్నారు. రెండూ బాగా వచ్చినందుకు తెలివైనవాళ్ళయ్యారా, తెలివైనవాళ్ళు కాబట్టి రెండూ బాగా వచ్చాయా? ఆ పరీక్ష ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు.

2004లో టొరంటోకి చెందిన ఎలెన్ బియాలిస్టాక్ బృందం ఒక ప్రసిద్ధ పరిశోధన చేసింది. స్క్రీన్ మీద రంగు చదరం వస్తుంది. ఒక రంగుకి ఎడమ బటన్, ఇంకో రంగుకి కుడి బటన్ నొక్కాలి. చదరం ఏ పక్కన వచ్చిందో పట్టించుకోకూడదు. ఎడమ బటన్ రంగు కుడి పక్కన వస్తే మన చెయ్యి తడబడుతుంది. రెండు భాషల వాళ్ళు తక్కువ తడబడ్డారని తేలింది. రెండు భాషల్లో ఒకదాన్ని ఎప్పుడూ అదుపులో పెట్టడం అలవాటు కాబట్టి అనవసరమైనదాన్ని పక్కన పెట్టే శక్తి వాళ్ళకి ఎక్కువ అని వివరణ. వినడానికి చాలా బాగుంది. కానీ అందులో మొదటి పోలిక ఎవరి మధ్యో తెలుసా? ఇంగ్లీష్ మాత్రమే వచ్చిన కెనడా వాళ్ళు ఒకవైపు, ఇండియాలో ఉండే తమిళం-ఇంగ్లీష్ వాళ్ళు ఇంకోవైపు. ఆ రెండు గుంపుల మధ్య భాష ఒక్కటే తేడానా?

తర్వాతి సంవత్సరాల్లో అదే ఫలితం మళ్ళీ తెప్పించాలని చూసిన చాలామందికి అది రాలేదు. 2018లో మిన్నా లెహ్టోనెన్ బృందం పెద్దవాళ్ళ మీద జరిగిన 152 అధ్యయనాల్ని కలిపి లెక్క కట్టింది. తేడా దొరికిన అధ్యయనాలే ఎక్కువగా అచ్చవుతాయి కదా, ఆ పక్షపాతాన్ని సరిచేశాక మిగిలిన లాభం దాదాపు సున్నా. 2019లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ళ వయసున్న 4,500 మందికి పైగా పిల్లల డేటా చూస్తే అక్కడా ఆ లాభం కనపడలేదు. మన భాషలో చెప్పాలంటే, చిన్న టెస్ట్ కేసులు పాసైన కోడ్ పెద్ద డేటాసెట్ దగ్గర ఫెయిలైంది.

ఇందులో మన హైదరాబాద్ కథ కూడా ఉంది. 2013లో డాక్టర్ సువర్ణ అల్లాది బృందం నిమ్స్‌లో చూపించుకున్న 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు ప్రచురించింది. రెండు భాషల వాళ్ళకి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి అసలు వెళ్ళనివాళ్ళలో కూడా ఈ తేడా ఉంది. అందుకే ఆ పరిశోధనకి ప్రపంచమంతా పేరొచ్చింది, ఎందుకంటే ఇది చదువు ప్రభావమే అని కొట్టిపారేయడం కుదరదు. నాకు అందులో ఇంకో విషయం నచ్చింది. చదువులేని ఆ మనుషులకి రెండో భాష ఏ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లోనూ రాలేదు. తెలుగింటి పక్కన దక్కనీ ఇల్లు, దుకాణంలో హిందీ, ఇలా బతుకులోంచి వచ్చింది. అయినా ఇక్కడా జాగ్రత్తగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తూ వెళ్ళిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఈ రక్షణ స్పష్టంగా తేలలేదు. ఆలస్యంగా రావచ్చు అనడానికీ, అసలు రాదు అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఫార్వర్డ్ ఆ దూరాన్ని ఒక్క గంతులో దూకేస్తుంది.

మరి గట్టిగా చెప్పగలిగేది ఏదైనా ఉందా? ఉంది. నా దృష్టిలో అది ఐక్యూ కబుర్లకంటే ఆసక్తిగా ఉంటుంది.

రెండు భాషలు వచ్చిన మనిషిలో ఒకటి ఆన్‌లో ఉంటే ఇంకోటి ఆఫ్‌లో ఉండదు. 1999లో మైకేల్ స్పివీ, వియోరికా మారియన్ రష్యన్-ఇంగ్లీష్ వచ్చినవాళ్ళ కంటిచూపు ఎటు వెళ్తోందో కెమెరాతో చూశారు. రష్యన్‌లో పోస్టల్ స్టాంపుని మార్కా అంటారు. స్టాంపు తీయమని రష్యన్‌లో చెప్తే, ఆ మాట మొదలవగానే కళ్ళు పక్కనున్న మార్కర్ పెన్ను వైపు కూడా వెళ్ళాయి. మాట్లాడుతున్నది రష్యన్ అయినా ఇంగ్లీష్ బ్యాక్‌గ్రౌండ్‌లో రన్ అవుతూనే ఉంది. దీనికి ఖర్చు కూడా ఉంటుంది. రెండు భాషల వాళ్ళకి మాట నాలుక చివరదాకా వచ్చి ఆగిపోవడం ఎక్కువ, బొమ్మ చూసి పేరు చెప్పడం కాస్త నిదానం. అది తెలివి తక్కువ కాదు, వెతకాల్సిన అర రెండు రెట్లు పెద్దది, అంతే.

అలాగే మన తెంగ్లీష్. దాన్ని చూసి పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు, రెంటికీ చెడ్డ రేవళ్ళం అయిపోయామని. కానీ ఒకసారి గమనించండి. ‘ఫైల్ డిలీట్ చేశాను’ అంటాం, ‘ఫైల్ డిలీట్ అయిపోయింది’ అంటాం. మనం కావాలని చేస్తే ‘చేయు’, దానంతటది జరిగితే ‘అవు’. ‘వాడు నన్ను కన్‌ఫ్యూజ్ చేశాడు, నేను కన్‌ఫ్యూజ్ అయ్యాను.’ ఈ రూల్ మనకి ఏ టీచరూ చెప్పలేదు, అయినా ఎవరం తప్పం. మాటలు ఇంగ్లీష్‌వి, వాక్యాన్ని నిలబెట్టే వ్యాకరణం మాత్రం తెలుగుది. భాషలు కలిపేవాళ్ళలో రెండూ సరిగ్గా రానివాళ్ళే ఉంటారన్న నమ్మకాన్ని 1980లోనే షానా పాప్లాక్ న్యూయార్క్‌లోని స్పానిష్ వాళ్ళ మాటల్ని విశ్లేషించి తప్పని చూపించింది. ఒకే వాక్యం మధ్యలో భాష మార్చగలిగింది రెండూ బాగా వచ్చినవాళ్ళే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన చుట్టూ తల్లిదండ్రులు, స్కూళ్ళు, కోచింగ్ సెంటర్లు అందరూ నమ్మే లెక్క ఒకటుంది: బుర్రలో ఉన్న చోటు ఇంత, అందులో తెలుగు ఎంత ఎక్కువుంటే ఇంగ్లీష్‌కి అంత తక్కువ. అందుకే చాలా స్కూళ్ళలో తెలుగు మాట్లాడితే ఫైన్. అందుకే ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటే తెలుగు పదో తరగతితో ఆగిపోతుంది. కానీ మెదడు 8 జీబీ ర్యామ్ కాదు. టొరంటోలో పనిచేసిన జిమ్ కమిన్స్ ఈ నమ్మకాన్ని 1980లలో రెండు బెలూన్ల బొమ్మ గీసి మరీ ఎగతాళి చేశాడు. ఆయన చెప్పేది ఏంటంటే, పైకి రెండు భాషలు వేరుగా కనిపించినా అడుగున ఆలోచన ఒక్కటే. మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. సీ నేర్చుకున్నాక పైథాన్ మొదలుపెట్టినప్పుడు లూప్ అంటే ఏంటో మళ్ళీ నేర్చుకున్నామా? లేదు. సింటాక్స్ మారింది, లాజిక్ అక్కడే ఉంది. భిన్నాలంటే తెలుగులో అర్థమైన పిల్లకి ఇంగ్లీష్‌లో కావాల్సింది కొన్ని మాటలు మాత్రమే. ఏ భాషలోనూ అర్థం కాని పిల్లకి మాటలొచ్చి ఏం లాభం?

కమిన్స్ చెప్పిన రెండో విషయం మనకి ఇంకా దగ్గర. కెనడాకి వలస వచ్చిన పిల్లలకి ఆటల్లో, కబుర్లలో పనికొచ్చే ఇంగ్లీష్ సుమారు రెండేళ్ళలో వచ్చేస్తోంది. కానీ పాఠం చదివి, కారణాలు రాసి, వాదించే ఇంగ్లీష్‌లో తోటివాళ్ళని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పడుతోంది. అంటే మాటల భాష వేరు, చదువు భాష వేరు. ఒకటి వచ్చిందని ఇంకోటి వచ్చినట్టు కాదు. ఇల్లు అలకగానే పండగ కాదు.

ఈ కొలతతో మన ఫస్టియర్ క్లాసుని చూడండి. ఒక పక్క పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళకి చదువు భాష తెలుగులో ఉంది, ఇంగ్లీష్‌లో ఇంకా కట్టుకోవాలి. కానీ మొదటి రోజు మొదటి పీరియడ్ నుంచే లెక్చర్ ఇంగ్లీష్‌లో. ల్యాబ్‌లో ప్రోగ్రామ్ అందరికంటే ముందు రన్ చేసి, వైవాలో ఎక్స్‌టర్నల్ ఎదుట మౌనంగా నిలబడే మనిషి ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అక్కడ లేనిది జవాబు కాదు, జవాబుకి తొడగాల్సిన భాష. కానీ మార్కుల షీట్‌లో ఈ రెండింటికీ ఒకే సున్నా పడుతుంది.

ఇంకో పక్క నాలాంటివాళ్ళం, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. మాకు తెలుగు మాటల భాషగా మాత్రమే ఉంది. సినిమా, తిండి, క్రికెట్, తిట్లు, అన్నీ వస్తాయి. రాజ్యాంగం గురించో, వడ్డీ లెక్క గురించో తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడమంటే ఆగిపోతాం. మా అమ్మమ్మ పదమూడు ఆర్లు డెబ్భై ఎనిమిది అని టక్కున అంటుంది, ఆ అంకె నా తలలో ఇంగ్లీష్‌లోకి మారాకే నాకు అర్థమవుతుంది. దీని మీద కూడా పరిశోధన ఉంది. 2001లో ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా త్సివ్‌కిన్ రష్యన్-ఇంగ్లీష్ వచ్చినవాళ్ళకి కొత్త లెక్కలు ఒక భాషలో నేర్పి రెండో భాషలో అడిగారు. సరిగ్గా ఇంత అని చెప్పాల్సిన జవాబులు నేర్చుకున్న భాషలోనే త్వరగా వచ్చాయి. ఉజ్జాయింపు జవాబులకి మాత్రం భాషతో పనిలేదు.

కాబట్టి ఆ క్లాసులో ఒకరు తెలివైనవాళ్ళు, ఒకరు మందబుద్ధులు అని కాదు. ఇద్దరి దగ్గరా చెరో సగం ఉంది. తేడా ఏంటంటే, వాళ్ళ దగ్గర లేని సగానికి ప్లేస్‌మెంట్ పోతుంది, మా దగ్గర లేని సగానికి ఏమీ పోదు. అందుకే మొదటిది సమస్యగా కనిపిస్తుంది, రెండోది స్టైల్‌గా చెలామణీ అవుతుంది.

మొదటి భాషని ఆపకుండా రెండోది నేర్పడం కుదురుతుందా? కుదిరిన చోటు ఉంది. 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్ళో ఇంగ్లీష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకి మొదటి నుంచీ ఫ్రెంచ్‌లో చదువు చెప్పించారు. పిల్లలకి ఫ్రెంచ్ బాగా వచ్చింది, ఇంగ్లీష్ పోలేదు. ఇది చూసి మన దగ్గర కూడా పూర్తిగా ఇంగ్లీష్‌లో పెడితే సరి అనిపిస్తుంది. కానీ ఆ ఊరి పిల్లల ఇంట్లో ఇంగ్లీష్ పుస్తకాలున్నాయి, బయట ఇంగ్లీష్‌కి గౌరవం ఉంది, కొన్నేళ్ళకి బడిలో కూడా ఇంగ్లీష్ మొదలైంది. వాళ్ళకి రెండో భాష మొదటిదాని పక్కన చేరింది. ఇలాంటిదాన్ని లాంబర్ట్ కూడిక అన్నాడు. రెండో భాష వచ్చి మొదటిదాన్ని తోసేస్తే అది తీసివేత. మన స్కూళ్ళలో ఎక్కువగా జరిగేది తీసివేతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్‌లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం జీవో వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు టీవీల్లో జరిగిన గొడవంతా ఇదా, అదా అనే. పేదపిల్లలకి ఇంగ్లీష్ ఎందుకివ్వరు అన్నది న్యాయమైన ప్రశ్న. తెలిసిన భాషలో మొదలుపెడితేనే పునాది పడుతుంది అన్నదీ న్యాయమైన మాటే. కానీ కూడికా తీసివేతా అని అడిగినవాళ్ళు తక్కువ. మీడియం పేరు బోర్డు మీద ఏం రాశారన్నదానికంటే, పిల్లల మొదటి భాష పదేళ్ళు పెరుగుతూ ఉందా లేదా అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మనం మాతృభాష అనగానే తెలుగు అనేస్తాం. మన మధ్యే ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, సవర, దక్కనీ మాట్లాడేవాళ్ళున్నారు. వాళ్ళకి తెలుగే రెండో భాష, ఇంగ్లీష్ మూడోది. ఒడిశాలో అజిత్ మహంతి కోందు పిల్లల్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. కుయి, ఒడియా రెండూ నిలబెట్టుకున్న పిల్లలు, కుయి పోగొట్టుకుని ఒడియా మాత్రమే మిగిలిన అదే తెగ పిల్లలకంటే చాలా పరీక్షల్లో బాగా చేశారు. తెగ ఒకటే, పేదరికం ఒకటే కాబట్టి ఈ పోలికకి నేను విలువ ఇస్తాను. ఇంగ్లీష్ ముందు తెలుగు చిన్నబోతోందని బాధపడే మనం, తెలుగు ముందు ఇంకో భాషని చిన్నబుచ్చకూడదు కదా.

మరి మన వయసు దాటిపోయిందా? 2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ దాదాపు 6,70,000 మందికి ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ వ్యాకరణ పరీక్ష పెట్టారు. వ్యాకరణం పట్టుకునే శక్తి పదిహేడేళ్ళ దాకా తగ్గకుండా ఉండి తర్వాత పడిపోతోందని వాళ్ళ లెక్క. ఆ లెక్క కట్టిన పద్ధతి మీద తర్వాత వాదనలు నడిచాయి. ఏదేమైనా, తగ్గడం అంటే ఆగిపోవడం కాదు. మాటలు మనిషి బతికినన్నాళ్ళూ నేర్చుకుంటూనే ఉంటాడు. యాస మాత్రం చిన్నప్పుడే గట్టిపడుతుంది. 1984లో జానెట్ వెర్కర్ చూపించినట్టు, ఇంగ్లీష్ ఇళ్ళలో పుట్టిన పిల్లలు కూడా ఆరేడు నెలల వయసులో హిందీ ‘త’నీ ‘ట’నీ వేరుగా వినగలరు, ఏడాది తిరిగేసరికి ఆ తేడా వాళ్ళకి వినపడదు. అందుకని ఒకరి యాసని చూసి నవ్వడమంటే వాళ్ళు ఊయలలో ఉండగా ఏ భాష విన్నారో దాన్ని చూసి నవ్వడమే. తెలుగు మీడియం వాళ్ళ ఇంగ్లీష్ పలుకుబడికీ, మా ‘ళ’, ‘ణ’లకీ ఇదే వర్తిస్తుంది.

అందుకే నేను అడిగేవి చిన్న పనులు. డౌట్ ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగనివ్వండి, రాసేది ఇంగ్లీష్‌లో రాద్దాం. తెలుగు చదవడం నిదానంగా వచ్చేవాళ్ళు నిన్న రాత్రి పూర్తిగా చూసిన మ్యాచ్ రిపోర్ట్‌ని ఇవాళ తెలుగు పేపర్‌లో చదవండి. విషయం ముందే తెలుసు కాబట్టి మాటలు వాటంతటవే అర్థమవుతాయి. మన స్థాయికి ఒక్క మెట్టు పైనుండి, అర్థమయ్యే భాషని ఎక్కువగా వినడం, చదవడం వల్లే భాష వస్తుందని స్టీఫెన్ క్రాషెన్ చెప్పింది కూడా ఇదే. ఇంగ్లీష్ కోసం కష్టపడేవాళ్ళకీ అదే చిట్కా: తెలుగులో పూర్తిగా అర్థమైన టాపిక్‌నే ఇంగ్లీష్‌లో చదవండి, కొత్త టాపిక్‌నీ కొత్త భాషనీ ఒకేసారి నెత్తినెత్తుకోకండి.

మన ఈ పత్రికకి ఒక విన్నపం. కవితలు, కథలతో పాటు ప్రతి సంచికలో ఒక్క పేజీ సబ్జెక్టుకి ఇవ్వండి. డెడ్‌లాక్ అంటే ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చి ఆగిన రెండు ఆటోలు. నువ్వు వెనక్కి తీస్తేనే నేను కదుల్తా అని ఇద్దరూ భీష్మించుకుంటే ఎవరూ కదలరు. ఇంత చెప్పడానికి గ్రాంథికం అక్కర్లేదు, డెడ్‌లాక్‌కి కొత్త తెలుగు మాట పుట్టించక్కర్లేదు. కానీ ఇలా చెప్పడం మొదలుపెడితేనే తెలుగు మళ్ళీ చదువు భాష అవుతుంది.

తెలుగు వల్ల బుర్ర చురుకవుతుందా లేదా అన్నది పరిశోధకులు తేల్చుకుంటారు. రేపు ఖాయంగా లాభం లేదని తేల్చినా మనకి పోయేదేం లేదు. అమ్మమ్మతో మాట్లాడటానికి ఎవరూ బ్రెయిన్ స్కాన్ అడగరు. కానీ వైవాలో మౌనంగా నిలబడ్డ మనిషికి ఇప్పుడే ఏదో పోతోంది. వచ్చే ఇంటర్నల్స్‌కి ముందు రాత్రి హాస్టల్ రూమ్‌లో ఇద్దరు కూర్చోండి, ఒకరు తెలుగు మీడియం, ఒకరు ఇంగ్లీష్ మీడియం. ఒక యూనిట్ ఒకరు తెలుగులో చెప్పాలి, ఇంకోటి ఇంకొకరు ఇంగ్లీష్‌లో చెప్పాలి, రెండోసారి భాషలు మార్చుకోవాలి. ఖర్చు రెండు టీలు.